కంప్యూటర్ పెట్టెలో గాలికి దారి

కంప్యూటరు కొనేటప్పుడు మనం ఏమేమి అడుగుతాం? ప్రాసెసర్ ఏది, మెమరీ ఎంత, తెర ఎంత పెద్దది అని అడుగుతాం. వీటిని లోపల ఉంచుకొనే పెట్టెను, అంటే కేబినెట్‌ను గురించి ఎక్కువమంది అడగరు. అడిగినా రంగూ, అందమూ చూసి సరిపెట్టుకుంటారు. ఇది మంచి పద్ధతి కాదని నా అభిప్రాయం. ముఖ్యంగా ఖరగ్‌పూర్ వంటి ఊళ్లో కేబినెట్‌ను దానిలో గాలి నడిచే దారిని బట్టి ఎంచుకోవాలి. ఎందుకో చూద్దాం.

కంప్యూటరు వాడుకొనే విద్యుత్తు దాదాపు అంతా చివరకు వేడిగా మారుతుంది. 200 వాట్లు వాడే కంప్యూటరు, రెండు 100 వాట్ల పాతకాలపు బల్బులను ఒక పెట్టెలో వెలిగించినంత వేడిని పుట్టిస్తుంది. ఈ వేడిని బయటకు మోసుకుపోయేది గాలి. ఒక సంగతి గుర్తుంచుకోండి. ఫ్యాను గాలిని కదుపుతుందే గాని చల్లబరచదు. గదిలో 40 డిగ్రీలు ఉంటే పెట్టెలోకి పోయే గాలి కూడా 40 డిగ్రీలే. ఖరగ్‌పూర్‌లో ఎండాకాలం 40 డిగ్రీలు దాటడం మీకు కొత్త కాదు. ప్రాసెసర్ వేడి సుమారు 100 డిగ్రీలకు చేరితే, అది తనను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. అంటే మీరు డబ్బు పోసి కొన్న వేగం, సరిగ్గా మీకు పని ఉన్న మధ్యాహ్నం పూట దక్కకుండా పోతుంది.

ఇప్పుడు లోపలి అమరిక చూద్దాం. పాతకాలపు ఇళ్లలో కిటికీ కిందా, వెంటిలేటరు కప్పు దగ్గరా ఉంటాయి. చల్లగాలి కిటికీలోంచి వస్తుంది, వేడిగాలి వెంటిలేటరులోంచి పోతుంది. మంచి కేబినెట్ కూడా అలాంటిదే. ముందువైపు నుంచి గాలి లోపలికి రావాలి. ప్రాసెసర్ మీదుగా, గ్రాఫిక్స్ కార్డు ఉంటే దాని మీదుగా సాగి, వెనుక నుంచో పై నుంచో బయటకు పోవాలి. ఈ దారికి అడ్డంగా వైర్ల కట్టలు వేలాడితే గాలి సరిగా ఆడదు. అందుకే మదర్‌బోర్డు బిగించే రేకు వెనుక వైర్లను దాచడానికి రెండు వేళ్ల మందం చోటు ఉందో లేదో చూడండి.

దుకాణాల్లో నేడు ముందువైపు అద్దం, రంగురంగుల దీపాలు ఉన్న కేబినెట్లు ఎక్కువగా కనిపిస్తాయి. మూడు ఫ్యాన్లున్నాయని గొప్పగా చెబుతారు. కాని అద్దం వెనుక ఉన్న ఫ్యాను, పక్కనున్న సన్నని సందులోంచే గాలి పీల్చుకోవాలి. కిటికీ మూసి ఫ్యాను వేసుకుంటే ఏమి లాభం? జాలీ ముఖం వెనుక సరిగ్గా అమర్చిన రెండు 120 మిల్లీమీటర్ల ఫ్యాన్లు దీనికంటే మేలు. గ్రాఫిక్స్ కార్డు లేకుండా పాఠాలు చదువుకోవడానికీ, దరఖాస్తులు నింపడానికీ వాడే కంప్యూటరుకైతే, ముందు జాలీ, వెనుక ఒక్క ఫ్యాను చాలు.

కొందరు పక్క తలుపు తీసేసి టేబుల్ ఫ్యాను పెడతారు. దీనివల్ల వేడి కొంత తగ్గే మాట నిజమే. కాని దుమ్ము నేరుగా లోపలికి పోతుంది. బల్లులూ, బొద్దింకలూ చేరతాయి. వర్షాకాలపు తేమలో ఆ దుమ్ము హీట్ సింక్ రేకుల మధ్య అట్టకడుతుంది. అప్పుడు ఎంత గాలి విసిరినా వేడి దిగదు. కాబట్టి గాలి లోపలికి వచ్చే ప్రతి చోటా ఊడదీసి కడుక్కోదగిన ఫిల్టరు ఉండాలి. మీ ఇంట్లో డీజిల్ షెడ్డులో పనిచేసినవారుంటే, ఫిల్టరు మూసుకుపోయిన ఇంజను ఎలా నడుస్తుందో అడిగి తెలుసుకోండి.

కొనే ముందు మీరే పరీక్షించవచ్చు. కంప్యూటరు నడుస్తుండగా ఒక పలుచని కాగితపు ముక్కను ముందు జాలీ దగ్గర పట్టుకోండి. కాగితం జాలీకి అంటుకుంటే గాలి లోపలికి పోతున్నట్లు. వెనుక ఫ్యాను దగ్గర పట్టుకుంటే అది బయటకు ఎగరాలి. రెండుచోట్లా బయటకే ఎగిరితే ఏదో ఫ్యాను తిరగబడి ఉందన్నమాట. సాధారణంగా ఫ్యాను మధ్యభాగాన్ని పట్టి ఉంచే కమ్మీలు ఏ వైపు ఉంటే గాలి ఆ వైపునకు పోతుంది. ఎస్.ఎం.పి.ఎస్. అడుగున ఉంటే దాని కింద జాలీ, ఫిల్టరు, ఎత్తైన కాళ్లు ఉన్నాయో లేదో కూడా చూడండి. ఇంటికి తెచ్చాక పెట్టెకూ గోడకూ మధ్య జానెడు ఎడం ఉంచండి.

మనలో చాలామంది కంప్యూటరును చీటీ పాడిన డబ్బుతోనో, ప్రావిడెంట్ ఫండ్ సొమ్ముతోనో కొంటాం. అది పిల్లల చదువుకూ, మన చదువుకూ కొన్నేళ్లు పనిచేయాలి. గోల్ బజారులో కొన్నా, కలకత్తా చాందినీ చౌక్‌కు వెళ్లి కొన్నా, దుకాణదారుణ్ణి పక్క తలుపు తెరిచి చూపమని అడగండి. గాలి ఎక్కడ నుంచి వచ్చి ఎక్కడికి పోతుందో వేలు పెట్టి చూపమనండి. అతను చూపలేకపోతే ఆ పెట్టె ఎంత మెరిసినా మరొకటి చూడండి. అద్దానికీ దీపాలకూ పెట్టే డబ్బును మంచి ఎస్.ఎం.పి.ఎస్. మీద పెడితే, ఆ ఖర్చుకు తగిన ఫలం ఉంటుంది.