రెండు వారాల లెక్క

నిజ్వాలో శుక్రవారం పొద్దున కోట దగ్గర మేకల సంత ముగిసేసరికి మన రూముల్లో ఫోన్లు మొదలవుతాయి. 2024 ఆగస్టులో అలాంటి ఒక శుక్రవారం మా రూంలోని జగిత్యాల తమ్ముడు ఫోన్ పెట్టేసి గోడవైపు తిరిగి పడుకున్నాడు. అన్నానికీ లేవలేదు.

రాత్రి గట్టిగా అడిగితే చెప్పాడు. "అన్నా, నేను ఇంటికి పోయింది జూన్ 10న. మొన్న 6న స్కానింగ్ తీస్తే పది వారాలన్నరట. నేను పోయి ఎనిమిది వారాలే అయింది. మరి ఆ రెండు వారాలు ఎక్కడివి?" కడుపు తీయించుకోమని భార్యకు అప్పటికే చెప్పేశాడు కూడా.

ఎంత మాట! డాక్టర్లు గర్భాన్ని చివరి నెలసరి మొదటి రోజు నుంచి లెక్కపెడతారు. మొగుడు ఇల్లు చేరిన రోజుతో వాళ్లకు పని లేదు. ఆమెకు నెలసరి వచ్చింది మే 28న. అక్కడి నుంచి ఆగస్టు 6కి సరిగ్గా 70 రోజులు. అండం విడుదలయ్యేది సుమారు రెండు వారాల తర్వాత, అంటే తమ్ముడు ఇంట్లో సూట్‌కేసు దించిన రోజుల్లోనే.

"మాత్రలు వాడింది కదా, మరి ఎట్ల అయితది?" అన్నాడు. ఆశా వర్కర్ ఇచ్చిన మాలా-ఎన్ వాడింది నిజమే. మొగుడొస్తున్నాడని హడావిడిగా ఆ రోజే మొదలుపెట్టింది. నెలసరి వచ్చిన ఐదు రోజుల్లోపు మొదలుపెడితే సరే. ఆ తర్వాతైతే మొదటి ఏడు రోజులు ఒక్క మాత్రనే నమ్ముకోకూడదు, నిరోధ్ వాడాలి. వాడాల్సింది మనమే మరి! జూలై 10న తమ్ముడు ఫ్లైటెక్కగానే ఆమె మాత్రలు ఆపేసింది. నెలసరి రాలేదు. ఆపినందుకేలే అనుకుంది.

అదీ జరిగేదే. మాత్రలు ఆపాక నెలసరి గాడిలో పడటానికి కొందరికి రెండు మూడు నెలలు పడుతుంది. కానీ ఒక్క నెలసరి కూడా రాకుండానే గర్భం నిలవొచ్చు. అందుకే డేట్ దాటి వారమైతే మూత్ర పరీక్ష చేసుకోవాలి. లేదని వచ్చినా నెలసరి రాకపోతే వారానికి మళ్లీ చేయాలి. మూడు నెలలైనా రాకపోతే డాక్టర్ దగ్గరికి పోవాలి. ఒక పక్క తీవ్రమైన కడుపునొప్పి, కళ్లు తిరగడం ఉంటే మాత్రం ఆ రోజే.

ఏడాదికో రెండేళ్లకో నెల రోజులు ఇంటికి పోతాం. మాత్ర, భయం, చుట్టుపక్కల చూపులు అన్నీ ఆమెకు వదిలి వస్తాం. ఇక్కడ కూర్చుని కాలెండర్ పట్టుకుని పోలీసులమవుతాం. కడుపు తీయించుకోమని ఫోన్లో ఆర్డర్ వేయడానికి మనమెవరం? 1971 చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండిన స్త్రీ సమ్మతి లేకుండా ఏ డాక్టరూ ఆ పని చేయకూడదు.

కాగితం మీద తేదీలు రాసి చూపించాను. వేళ్లమీద రెండుసార్లు లెక్కపెట్టుకున్నాడు. మనకు పదకొండైంది, ఇంటి దగ్గర పన్నెండున్నర. అయినా ఫోన్ చేశాడు. రెండుసార్లు ఆమె ఎత్తలేదు.