ఓడకు సూచిక, గుడిసెకు దండోరా

బంగాళాఖాతమున వాయుగుండము పుట్టిన ప్రతి పర్యాయమును మన పట్టణములలో నొక మాటయు పుట్టుచున్నది. "వారికి ముందుగానే చెప్పిరి, వారే కదలరైరి" అని. ఉప్పెన వచ్చి పోయిన పిమ్మట ఈ మాటయే తీర్పుగా మారును. చచ్చినవాడు తిరిగివచ్చి జవాబు చెప్పజాలడు గనుక ఆ తీర్పుపై అప్పీలు లేదు. పఠనమందిరములలో పంకా క్రింద కూర్చుండి పత్రిక తిరుగవేయు మనమును ఆ తీర్పుమీద చేవ్రాలు చేయుచునే యున్నాము. అది తప్పుడు తీర్పని మా యభిప్రాయము. పల్లెవాడు వినడనుట అబద్ధము. వానికి పనికివచ్చు మాట వాని చెవిని వేయకపోవుటయు, వేసినను కదలుటకు తగిన దారి చూపకపోవుటయు నిజము.

మన దేశమున తుపాను హెచ్చరిక యెవరికొరకు పుట్టినదో తలచుకొనుట మంచిది. 1864 అక్టోబరు 5వ తేదీన కలకత్తాపై తుపాను పడి హుగ్లీలోని ఓడలను చిందరవందర చేసినది. నెల తిరుగకమునుపే, నవంబరు 1వ తేదీ రాత్రి, బందరుపై ఉప్పెన విరుచుకొనిపడి సుమారు 30,000 మందిని పొట్టను బెట్టుకొన్నది. మరుసటి యేట, అనగా 1865లో, తుపాను హెచ్చరికల యేర్పాటు వచ్చినది. ఎక్కడికి? కలకత్తా రేవునకు. 1875లో వాతావరణ శాఖ స్థాపింపబడినది. రేవులలో స్తంభములు లేచినవి. పగలు శంకువులు, పీపాల వంటి గుర్తులు, రాత్రి దీపములు. ఓడలో సరకుండెను, సరకునకు విలువ యుండెను. గుడిసెలో మనుష్యులు మాత్రమే యుండిరి.

ఆ స్తంభముల భాషయే నేటికిని మన పత్రికల మొదటి పుటలో నచ్చగుచున్నది. "మచిలీపట్టణమున పదవ నెంబరు ప్రమాద సూచిక" అని పెద్దయక్షరములతో వేయుదురు. ఎనిమిదియు తొమ్మిదియు ననగా తుపాను రేవునకు ఏ ప్రక్కగా దాటునో నావికునకు తెలుపు గుర్తులు. పది యనగా రేవుమీదుగనో, మిక్కిలి చేరువగనో దాటునని. పదునొకండు అనగా వాతావరణ కార్యాలయముతో వార్తాసంబంధమే తెగిపోయినదని. (ఈ కడపటి గుర్తును మాత్రము పల్లెలు చక్కగా నెరుగును, తుపాను లేని దినములందును వారిపాలిటి కది యెగురుచునే యుండును.) సూచిక చూచిన ఓడ లంగరెత్తి లోతునకు పోవచ్చును. గుడిసెకు లంగరు లేదు, చుక్కానియు లేదు. నాగాయలంక దిగువనున్న పల్లెకారునికి కావలసినది అంకె కాదు. "నీరు మా రామాలయపు అరుగుదాక వచ్చునా, గోపురముదాక వచ్చునా?" అన్నదే వాని ప్రశ్న. నేడు వాతావరణ శాఖవారు ఉప్పెన యెన్ని మీటర్లు లేచునో అంచనా కట్టి చెప్పుచున్నారు. అందుకు వారిని మెచ్చుకొనవలసినదే. కాని ఆ మీటరును ఊరి అరుగుగా, ఊరి గట్టుగా మార్చి చెప్పువా డొక్కడును జిల్లా కచ్చేరినుండి పల్లెవరకు గల మెట్లలో కానరాడు.

ఈ భేద మెంత ప్రాణాంతకమో 1977 చెప్పినది. ఆ నవంబరు 19వ తేదీన తుపాను దాటినది చీరాల, నిజాంపట్నము ప్రాంతమున. చావు కోత కోసినది దివిసీమలో. ఇందులో మాయ యేమియు లేదు. మన వైపు తుపానులో గాలి గడియారపు ముల్లునకు ఎదురుగా సుడి తిరుగును. పడమరకు సాగివచ్చు తుపానునకు కుడిప్రక్క, అనగా దాటినచోటికి ఉత్తరమున, గాలి సముద్రమును నేలమీదికి త్రోయును; దక్షిణమున నేలమీది గాలియే నీటిని వెనుకకు నెట్టును. కావున "ఫలానా చోట దాటును" అని విని ఉత్తరపువాడు నిట్టూర్పు విడిచినచో వాని కదియే కడపటి నిట్టూర్పు కావచ్చును. బల్లపరుపు డెల్టా నేలపై అయిదారు మీటర్ల నీరు లేచి పదివేలకు పైగా జనము మునిగిపోయిరి. వారిలో వరికోతలకు పరాయి యూళ్లనుండి వచ్చిన కూలీలును గలరు. ఏ గట్టు ఎత్తో, ఏ దారి యెటు పోవునో తెలియని ఆ నిర్భాగ్యులను కూడ "చెప్పినను వినలేదు" అందుమా?

చెప్పుట యట్లుండగా, కదలుట మాటేమి? పట్టణవాసి ఇల్లు విడుచుట యన తాళము వేసి రైలెక్కుట. పల్లెవాడు ఇల్లు విడుచుట యన తన సర్వస్వమును సముద్రమున కప్పగించి, వట్టిచేతులతో బడి వరండాలో కూర్చుండుట. పాడిగేదెను షెల్టరు మేడమీది కెక్కించుకొనరు. పలుపు కోసి విడువుడని సలహా యిత్తురు. గేదెపై తెచ్చిన అప్పు పలుపుతో తెగునా? పడవయు వలయు ఒడ్డుననే విడువవలెను. నవంబరు, డిసెంబరు నెలలలో నయితే పనలు చేలమీద నుండును. 2023 డిసెంబరు 5వ తేదీన మిచాంగ్ తుపాను బాపట్లయొద్ద దాటినప్పుడు కోసిన వరి, కోయని వరి నీటిలో నానినది. కౌలుదారు చేను విడిచి రాడేమని మన మడుగుదుము. పరిహారము పట్టాదారు పుస్తకమును వెదకుకొనుచు పోవునుగాని నాగలి పట్టిన చేతిని వెదకదని వాడు లోగడనే చూచియున్నాడు. అట్టివాడు కడగడియవరకు గింజను కాచుకొనుట మూర్ఖత్వమా, లెక్కయా?

ఇక చేరబోవు చోటు. 1977 పిమ్మట తీరము పొడవునను తుపాను షెల్టర్లు కట్టిరి; ప్రభుత్వమును కట్టినది, ధర్మసంస్థలును కట్టినవి. కట్టుటకు శంకుస్థాపనలు కలవు, శిలాఫలకములు కలవు. సున్నము కొట్టుటకు శిలాఫలక ముండదు గదా! పెచ్చులూడి, ఇనుపచువ్వలు బయటపడి, మెట్లు కూలిన షెల్టర్లను గూర్చిన వార్తలు ఏటేట వచ్చుచునే యున్నవి. ఏ కప్పు తన నెత్తిమీద కూలునో యని భయపడువాడు తాటాకు కప్పునే నమ్ముకొనును. మరుగుదొడ్డి లేని గదిలో నూర్గురతో రెండు రాత్రులు గడపుమన్నప్పుడు నిండు గర్భిణి యేమి చేయును? ఆమె రాదనుటకుముందు ఆమెకొరకు మన మేమి యుంచితిమో చూపవలదా?

జను లెచ్చటను కదలరను వారు ఉత్తరముగా ఒరిస్సా వంక చూతురుగాక. 1999 అక్టోబరు 29వ తేదీన అచ్చట పడిన మహాతుపాను పదివేలకు సమీపముగా ప్రాణములు గొన్నది. 2013 అక్టోబరు 12వ తేదీన ఫైలిన్ తుపాను గోపాలపురమువద్ద దాటుటకు ముందు ఆ రాష్ట్రమే సుమారు పది లక్షలమందిని కదల్చినది; చావులు పదులలో నిలిచినవి. సముద్రము మారలేదు, ప్రజయు మారలేదు. నడుమ పదునాలుగేండ్లు ఊరూర షెల్టరునకు సంఘ మేర్పరచి, వానలకుముందే తలుపు తెరచి, ఎవ రెవరిని మోసుకొనిరావలెనో అభ్యాసము చేయించిరి. 1970లో లక్షలాది జనమును పోగొట్టుకొన్న బంగ్లాదేశములో పశువులకొరకు ప్రత్యేకముగా ఎత్తైన మట్టిదిబ్బలు పోసి, వానిని 'కిల్లా'లని పిలుచుచున్నారు. గేదె దిబ్బ యెక్కినచో యజమాని తానే షెల్టరున కెక్కును. ఇంత చిన్న సంగతి కనిపెట్టుటకు గొప్ప శాస్త్రము కావలెనా? మన ప్రాంతముననే 1990 మే నెలలో 1977 నాటిదానితో సాటిరాదగిన తుపాను వచ్చినను, లక్షలాది జనము ముందుగా కదలుటచే మృతులు వేయికి లోపే. అప్పుడు విన్నవారును ఈ పల్లెవారే.

నేటి యధికారులు నిద్రపోవుచున్నారని మే మనము. 2005 నాటి చట్టము విపత్తునకు ముందుచూపు జిల్లా యంత్రాంగపు విధి యని నిర్ణయించినది, రక్షకదళములు వచ్చినవి, డెబ్బదిరెండు గంటల ముందే హెచ్చరిక వచ్చుచున్నది. అయినను ఆ మూడు దినములలో రెండు కాగితములపై గడచి, మూడవనాటి సాయంకాలము ఆటోకు కట్టిన మైకును, దాని వెనుక పోలీసు లాఠీయు పల్లెకు చేరుచున్నవి. లాఠీతో కదల్చినవానికి తిరుగుదారి తెలియును. గాలి తగ్గినదని నడిరేయి ఇంటికి పరుగెత్తినవాడు, అది తుపాను కన్ను మాత్రమేయని, ఎదురుగాలి వెనుకనే యున్నదని యెరుగడు. ఎవరు చెప్పిరి గనుక?

పట్టణవాసులకు మరొక ప్రశ్న. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణము మీదనే దిగినది. విద్యుత్తు పోయినది, ఫోనులు మూగవోయినవి, పాలకును పెట్రోలునకును బారులు తీర్చితిమి. ముందుగా తెలియదా? తెలియును. మేడలు విడిచి పోయినవా రెందరు? గాజుకిటికీ మూసికొని, లోపలనే యుంటిమి. మన కదలమి ధైర్య మనిపించుకొన్నది.

చేయవలసిన పనులు వేసవిలోనివి, వాయుగుండపునాటివి కావు. పంచాయతీ సభలో షెల్టరు మెట్లు, మరుగుదొడ్డి, నీటితొట్టి ముందు తేలవలెను. ఊరి గుడిగోడపై 1977 నాటి నీటిమట్టము ఎఱ్ఱగీతగా గీయవలెను. హెచ్చరిక ఆ గీతకు పైనో క్రిందనో చెప్పవలెను. పశువులకు దిబ్బ కావలెను. ఇల్లు విడిచినవాని పడవకు, వలకు, గేదెకు, కౌలు చేనికి నష్టపరిహారము తుపానుకుముందే వ్రాసి చేతికియ్యవలెను. ఒడ్డున మిగిలిన మడయడవిని రొయ్యలచెరువులకు మరల బలియియ్యరాదు. తీరమునకు చేరువ పట్టణములలోని కల్యాణమండపములవారు అక్టోబరు, నవంబరు లగ్నములకు బయానా పుచ్చుకొనునప్పుడే, తుపాను వచ్చినచో గదులు పల్లెలకు తెరచెదమని మునిసిపాలిటీకి వ్రాసియియ్యవచ్చును.

ఈ పుట చదివిన పఠనమందిర సభ్యులు ఈ యాదివారము పదిమంది కలిసి దగ్గరలోని తీరగ్రామమునకు పోయి షెల్టరును చూచి వత్తురుగాక. తాళము వేసియుండును. తాళపుచెవి యెవరియొద్ద నున్నదో, ఆయన ఆ గ్రామముననే కాపురమున్నాడో లేదో కనుగొని, పేరు వ్రాసి, కలెక్టరుగారికి పంపుడు.