బొమ్మ చూసి ఊరు కట్టారు!

పసుపు, గులాబీ, ఆకుపచ్చ రంగుల మేడలు... వాటి మీద ఎర్ర పెంకుల కప్పులు... మధ్యలో రాళ్లు పరిచిన విశాలమైన మార్కెట్ కూడలి. అక్కడ కత్తి, డాలు పట్టుకుని నిలబడ్డ మత్స్యకన్య విగ్రహం. పోలండ్ రాజధాని వార్సాలోని పాతపట్నం ఇది. చూడగానే 'ఎన్ని వందల ఏళ్లనాటిదో' అనుకుంటాం. నిజం తెలిస్తే ముక్కున వేలేసుకుంటాం. ఆ మేడల్లో చాలావాటికి మన తాతయ్యల వయసు కూడా ఉండదు!

1944 ఆగస్టు 1న వార్సా వాసులు నాజీల మీద తిరగబడ్డారు. 63 రోజులు పోరాడి ఓడిపోయారు. నగరాన్ని నేలమట్టం చేసెయ్యమన్నాడు హిట్లర్. జనాన్ని తరిమేసి, వీధి తర్వాత వీధిని తగలబెట్టారు, పేల్చేశారు. చారిత్రక ప్రాంతంలో 85 శాతానికి పైగా నాశనమైపోయింది. రాజధానిని వేరే ఊరికి మార్చేద్దామన్న ఆలోచన కూడా వచ్చింది. కానీ జనం ఆ శిథిలాల్లోకే తిరిగొచ్చారు. పాత ఊరే కావాలన్నారు.

మరి కూలిపోయిన ఊరు ఎలా ఉండేదో ఎలా తెలుస్తుంది? అక్కడే ఓ చిత్రకారుడు అక్కరకొచ్చాడు. 18వ శతాబ్దంలో పోలండ్ రాజు కొలువులో బెర్నార్డో బెలొట్టో అనే ఇటలీ చిత్రకారుడు ఉండేవాడు. వార్సా వీధుల్ని కిటికీలు, గుమ్మాలతో సహా గీసిపెట్టాడు. ఆ బొమ్మలు ఇంజినీర్లకు నమూనాలయ్యాయి. యుద్ధానికి ముందు ఆర్కిటెక్చర్ విద్యార్థులు పాత భవనాలను కొలిచి గీసిన ప్లాన్లు కూడా ఉన్నాయి. యుద్ధకాలంలో వాటిని ఓ క్రైస్తవ మఠంలో దాచి కాపాడారు. శిథిలాల్లోంచి ఏరిన ఇటుకలు, ఇతర నగరాల నుంచి తెచ్చిన ఇటుకలు కలిపి కట్టారు. మార్కెట్ కూడలి 1953కల్లా సిద్ధమైంది. మళ్లీ కట్టిన ఈ పాతపట్నాన్ని 1980లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

రాజుగారి కోట మాత్రం చాలాకాలం ఖాళీ స్థలంగానే మిగిలిపోయింది. 1971లో పనులు మొదలుపెట్టి, ప్రజల విరాళాలతో మళ్లీ లేపారు. 1984లో సందర్శకులకు తలుపులు తెరిచారు. బెలొట్టో గీసిన బొమ్మలు ఇప్పుడు ఆ కోటలోని ఓ గదిలోనే ఉన్నాయి. లోపల వీధి బొమ్మ చూసి, బయటికొచ్చి అదే వీధిలో నడవొచ్చు!

కోట ముందు మూడో సిగిస్‌మండ్ రాజు స్తంభం కనిపిస్తుంది. రాజధాని క్రాకో నుంచి వార్సాకు మారింది ఈయన కాలంలోనే. 1644లో నిలిపిన ఈ స్మారకాన్ని 1944లో నాజీలు కూల్చేశారు. 1949లో కొత్త స్తంభం చేయించి, రాజుగారి విగ్రహాన్ని బాగుచేసి మళ్లీ పైకెక్కించారు. విరిగిన పాత స్తంభాలను మాత్రం పారేయలేదు. కోట పక్కనే పడుకోబెట్టి ఉంచారు.

వార్సా వెళ్లినవాళ్లు కొత్త స్తంభం దగ్గర ఫొటో దిగడం మామూలే. మీరు వెళ్తే పిల్లల్ని ఆ విరిగిన రాళ్ల దగ్గరికి కూడా తీసుకెళ్లండి. ఊరి అసలు కథ చెప్పేది అవే.