విత్తు రాలే వరకు వేచి ఉందాం

మూలిక గుణం తెలుసుకోవాలనే ఆసక్తి మన గృహస్థులలో ఎంతో ఉన్నది. ఆ మూలిక పుట్టే నేలను గూర్చి మాత్రం మనం అంతగా ఆలోచించడం లేదు. ఇంగ్లండులోని ఒక తడి పచ్చికబయలు ఈ విషయంలో మనకు పాఠం చెప్పగలదు.

విల్ట్‌షైర్‌లోని క్రిక్‌లేడ్ పట్టణం వద్ద, థేమ్స్, చర్న్ నదుల నడుమ ఉన్న ఆ బయలు పేరు నార్త్ మెడో. శీతకాలంలో వరదనీరు దానిని ముంచి, ఒండ్రు పరచి పోతుంది. ఏప్రిల్ మాసంలో అక్కడ గంటల వలె తల వంచిన ఊదారంగు పువ్వులు విరగబూస్తాయి. వాటి రేకులపై చదరంగపు గళ్లు కనిపిస్తాయి. మొగ్గ పాముతలను పోలి ఉండడం వలన ఈ మొక్కను స్నేక్స్ హెడ్ ఫ్రిటిల్లరీ అంటారు. బ్రిటన్‌లో సహజంగా పెరిగే ఈ మొక్కలలో సుమారు 80 శాతం ఈ ఒక్క బయలులోనే ఉన్నాయని అంచనా.

తక్కిన బయళ్లు ఏమైనవి? 1930ల నుండి 1984 వరకు ఇంగ్లండు, వేల్సులలోని సహజమైన పల్లపు పచ్చికబయళ్లలో 97 శాతం నశించాయి. నీటిని కాలువలలోకి మళ్లించి, నేలను దున్ని, రసాయనిక ఎరువులు చల్లారు. ఎరువు తిన్న నేలలో మోటు గడ్డి ఏపుగా పెరిగి సుకుమారమైన పూలమొక్కలను అణచివేస్తుంది.

నార్త్ మెడోను నిలబెట్టినది ఒక పురాతన ఆచారం. పూలు వాడి విత్తు రాలిన తరువాత, జూలై మాసంలో గాని అక్కడ గడ్డి కోయరు. గడ్డితో పాటు నేలలోని అధిక సారమూ తొలగుతుంది. ఆగస్టు 12 నుండి ఫిబ్రవరి 12 వరకు ఊరి పశువులు మేస్తాయి. ఆపై మొక్కలకు విశ్రాంతి. విత్తు మొలిచి పూయడానికి కొన్ని సంవత్సరాలు పడుతుంది కనుక ఏటా తొందరపడితే సంతతి మిగలదు.

ఈ పువ్వుకు బంధువులు మన హిమాలయాలలోనూ ఉన్నాయి. అష్టవర్గంలోని క్షీరకాకోలి అంటే ఫ్రిటిల్లేరియా రాయ్‌లీ అని కొందరు పండితులు, లిల్లీ జాతి మొక్క అని మరికొందరు చెబుతారు. ఏదైనా సరే, ఔషధానికి వాడేది దుంపనే. ఆకు కోస్తే మొక్క మళ్లీ చిగురిస్తుంది, దుంప తవ్వితే మొక్కే పోతుంది. చ్యవనప్రాశ యోగంలో అష్టవర్గం చేరుతుంది కనుక ఇది మన ఇంటి విషయమే.

అష్టవర్గం రాజులకు సైతం దుర్లభమని 16వ శతాబ్దపు భావప్రకాశం చెప్పినది. కాకోలి, క్షీరకాకోలులకు ప్రతినిధిగా అశ్వగంధను గ్రహించమన్నది. దీనిని కల్తీగా గాని, లోపంగా గాని భావించరాదు. ఇది శాస్త్రం అనుమతించిన మార్గం, నా దృష్టిలో వివేకవంతమైన మార్గం కూడా. అశ్వగంధ పొలాలలో సాగయ్యే పంట. కాబట్టి "అసలైన అష్టవర్గం" అన్న ప్రకటన చూసి మురిసిపోక, అందులోని దుంపలు సాగు చేసినవా, కొండల నుండి తవ్వి తెచ్చినవా అని విక్రేతను అడగండి.

ఒక హెచ్చరిక. ఫ్రిటిల్లరీ దుంపలలో విషపదార్థాలు ఉంటాయి. వాటిని గృహవైద్యంలో ప్రయోగించరాదు.

క్రిక్‌లేడ్ రైతుకు గడ్డి కావాలి, అయినా విత్తు రాలే వరకు కొడవలి ఎత్తడు. మనకు మందు కావాలి. ఆ పాటి ఓర్పు మనకూ ఉండాలి.