ముందు డాబా మీద తడవండి

నవంబర్ సగానికి రాగానే ఆఫీసు వాట్సాప్ గ్రూపుల్లో రెండు పేర్లు తిరగడం మొదలవుతుంది. వీకెండ్ ఒక్కటే ఖాళీ అయితే లంబసింగి, సెలవులు మిగిలి ఉంటే కేదార్‌కంఠ. ఇంకో రెండు రోజులకి నా ఫోన్లోకి స్క్రీన్‌షాట్లు దిగుతాయి. "అన్నా, ఈ టెంట్ ఓకేనా? ఆఫర్ ఈ రాత్రితో అయిపోతుంది." టెంట్ ఫొటో కింద 'ఇద్దరికి, పూర్తి వాటర్‌ప్రూఫ్' అని ఉంటుంది. స్లీపింగ్ బ్యాగ్ ఫొటో మీద 'మైనస్ 5 డిగ్రీలు' అని పెద్ద అంకె. రివ్యూలు చూస్తే ఎక్కువ మంది "డెలివరీ ఫాస్ట్, కలర్ బాగుంది" అనే రాశారు. రాత్రి మూడింటికి అందులో పడుకుంటే ఎలా ఉందో రాసినవాళ్లు కనపడరు.

ఆ తమ్ముళ్లకి, చెల్లెళ్లకి నేను చెప్పేది ఒకటే. కొనుక్కోండి, కానీ కొండెక్కే ముందు ఒక రాత్రి మీ డాబా మీద పడుకోండి. మనం రాసిన కోడ్‌ని నేరుగా కస్టమర్ దగ్గరికి తోసేయం కదా. ముందు టెస్ట్ సర్వర్ మీద నడిపిస్తాం, పగిలితే అక్కడే పగలనిస్తాం. ఈ సామాన్లకి డాబానే టెస్ట్ సర్వర్. అక్కడ చలేస్తే మెట్లు దిగి మంచం ఎక్కేయొచ్చు. మంచులో ఉన్న క్యాంప్ నుంచి దిగాలంటే తెల్లారాలి.

ముందు ఆ మైనస్ 5 సంగతి చూద్దాం, ఎక్కువ మంది మోసపోయేది అక్కడే.

ఒకప్పుడు స్లీపింగ్ బ్యాగ్ మీద ఏ కంపెనీకి తోచిన అంకె ఆ కంపెనీ వేసుకునేది. తర్వాత యూరప్‌లో ఈఎన్ 13537 అనే ప్రమాణం వచ్చింది, 2016లో దాని స్థానంలో ఐఎస్‌ఓ 23537 వచ్చింది. పరీక్ష ఎలా చేస్తారంటే, లోపల హీటర్లు పెట్టిన బొమ్మకి థర్మల్స్ తొడిగి, కింద మ్యాట్ వేసి, బ్యాగులో పెట్టి చలి గదిలో పడుకోబెడతారు. ఒళ్లు వెచ్చగా ఉండటానికి ఎంత వేడి ఖర్చవుతోందో కొలుస్తారు. అందులోంచి మూడు అంకెలు తీస్తారు. కంఫర్ట్ అంటే సగటు మహిళ హాయిగా నిద్రపోగల ఉష్ణోగ్రత. లిమిట్ అంటే సగటు మగవాడు ముడుచుకుని పడుకుంటే ఎలాగోలా నెట్టుకురాగలిగేది. ఎక్స్‌ట్రీమ్ అంటే ఆరు గంటల పాటు ప్రాణం నిలబడొచ్చు, కానీ ఒళ్లు చల్లబడిపోయే ప్రమాదం ఉంటుంది.

పెద్ద అక్షరాల్లో వేసిన మైనస్ 5 ఈ మూడింట్లో ఏది? చాలా చవక బ్యాగుల మీద ఆ మాటే ఉండదు. ప్రమాణం పేరు, కంఫర్ట్ అనే మాట రెండూ లేకపోతే అది అమ్మేవాడి నమ్మకం, అంతే. ఉంటే మాత్రం కంఫర్ట్ అంకె ఒక్కటే చదవండి, మిగతా రెండూ మర్చిపోండి. నేనైతే దానికి ఇంకో ఐదు డిగ్రీలు కలుపుకుంటాను. కంఫర్ట్ 0 అని ఉంటే నా లెక్కలో అది 5 డిగ్రీల బ్యాగ్. విజయవాడలో 18 డిగ్రీలకే స్వెట్టర్లూ మంకీ క్యాపులూ బయటికి తీసే జనం మనం, ఆ సగటు మనిషి మనవాడు కాదు.

లంబసింగి సుమారు 1000 మీటర్ల ఎత్తులో ఉంది. డిసెంబర్, జనవరిల్లో అక్కడ తెల్లవారుజామున ఉష్ణోగ్రత ఒక అంకెలోకి పడిపోతుంది, కొన్ని రోజులు సున్నా దాకా వెళ్తుంది. కేదార్‌కంఠ శిఖరం దాదాపు 3,800 మీటర్లు. ఆ నెలల్లో మంచులో వేసిన క్యాంపుల్లో రాత్రి సున్నా కిందే ఉంటుంది. అయితే ట్రెక్ కంపెనీతో వెళ్తుంటే స్లీపింగ్ బ్యాగ్ మామూలుగా వాళ్లే ఇస్తారు, మీరు కొనక్కర్లేదు. డబ్బు కట్టే ముందు ఫోన్ చేసి "మీ బ్యాగ్ కంఫర్ట్ రేటింగ్ ఎంతండీ?" అని అడగండి. అవతల తడబడితే వేరే కంపెనీకి ఫోన్ చేయండి.

బ్యాగ్ కన్నా ముందు కొనాల్సింది మ్యాట్. ఇది చెప్తే ఎవరూ నమ్మరు, ఎందుకంటే మ్యాట్ ఫొటోలో బాగుండదు. మనం పడుకోగానే బ్యాగ్‌లో వీపు కింద ఉన్న దూది నలిగిపోతుంది. వెచ్చదనం ఇచ్చేది దూది కాదు, దాని మధ్య చిక్కుకున్న గాలి. నలిగితే గాలి పోతుంది, ఆపైన నేల మన వేడి లాగేసుకుంటూ ఉంటుంది. మ్యాట్ ఎంత అడ్డుకుంటుందో చెప్పే అంకెని ఆర్ వాల్యూ అంటారు, ఎక్కువైతే మంచిది. దీన్ని కొలవడానికి ఏఎస్‌టీఎం ఎఫ్3340 అనే ఒకే పద్ధతి ఉంది. మామూలు ఫోమ్ మ్యాట్‌కి 2కి అటూఇటూ ఉంటుంది. లంబసింగికి అది చాలు, మంచు మీద పడుకోవాలంటే చాలదు. ఇక్కడ ఒక లాభం ఉంది. ఆర్ వాల్యూలు కూడుకోవచ్చు, ఒక మ్యాట్ మీద ఇంకోటి వేస్తే రెండు అంకెలూ కలుస్తాయి. ఇంట్లో ఉన్న యోగా మ్యాట్‌ని లెక్కలోకి తీసుకోకండి, అది కాలు జారకుండా ఉండటానికి చేసింది.

ఇక టెంట్. ఇద్దరికి అంటే ఇద్దరు పక్కపక్కన భుజాలు తగిలేలా పడుకుంటే సరిపోతుందని. బ్యాగులు, బూట్లు ఎక్కడ పెడతారన్నది మీ తలనొప్పి. ఇద్దరు వెళ్తుంటే ముగ్గురిది తీసుకోండి.

వాటర్‌ప్రూఫ్ అన్న దగ్గర 2000 మి.మీ. లాంటి అంకె ఉంటుంది. ఆ గుడ్డ మీద రెండు మీటర్ల ఎత్తు నీళ్లు నిలబెట్టినా కారదని అర్థం. పై గుడ్డకి ఇది ధారాళంగా సరిపోతుంది, వాన నీళ్లు దాని మీద నిలవవు, జారిపోతాయి. తేడా కొట్టేది నేల దగ్గర. తడి నేల మీద వేసిన టెంట్‌లో మీరు మోకాళ్ల మీద కూర్చున్నారనుకోండి. మోకాలు ఆనే చోటు 40 చదరపు సెంటీమీటర్లు, దాని మీద పడే బరువు 25 కిలోలు అని లెక్కేద్దాం. చదరపు సెంటీమీటరుకి 0.625 కిలోలు, అంటే ఆరు మీటర్ల నీటి ఒత్తిడి. 2000 అని ఉన్న నేల గుడ్డ అక్కడ చెమ్మ వదిలేస్తుంది. అందుకే పై గుడ్డ అంకె, నేల అంకె విడివిడిగా చూడండి. నేలది తక్కువగా ఉంటే కింద ఒక మందపాటి ప్లాస్టిక్ పట్టా వేసుకోండి. పట్టా అంచులు టెంట్ బయటికి రాకూడదు, వస్తే వాన నీళ్లని అదే పట్టి మీ కిందికి తెస్తుంది.

'చలికాలంలో వానేంటి అన్నా' అంటారు. నవంబర్, డిసెంబర్లలో బంగాళాఖాతంలో అల్పపీడనం అంటే ఏంటో కోస్తా వాళ్లకి కొత్తగా చెప్పాలా?

ఇప్పుడు డాబా మీదికి రండి. అపార్ట్‌మెంట్ అయితే ముందు అసోసియేషన్ సెక్రటరీ గారి చెవిన వేయండి, లేకపోతే పైన ఎవరో కాపురం పెట్టారని పుకారు పుడుతుంది. మొదటి పరీక్ష చీకట్లో. లైట్లు ఆపేసి, ఫోన్లో టైమర్ పెట్టి టెంట్ వేయండి. సాయంత్రం ఆలస్యంగా చేరినప్పుడు చేయాల్సింది ఇదే కదా. కాంక్రీటులో మేకులు దిగవు కాబట్టి తాళ్లని ఇటుకలకో నీళ్ల క్యాన్లకో కట్టండి, పిట్టగోడకి దూరంగా వేయండి. మొదటిసారి అరగంట పట్టినా ఫర్లేదు, మూడోసారికి పది నిమిషాల్లోకి రావాలి. మేకులు, తాళ్లు లెక్కపెట్టండి. పెట్టెలో తక్కువ వచ్చాయేమో ఇక్కడ తెలిస్తే వాపసు చేయొచ్చు. తడిపాక వాపసు తీసుకోకపోవచ్చు, అందుకే పొడి పరీక్షలన్నీ రిటర్న్ గడువు లోపల అవగొట్టి, నీళ్లు చివర్లో పోయండి.

నీళ్లంటే ఒక మగ్గు చల్లి వదిలేయడం కాదు. టెంట్ లోపల నేలంతా పాత పేపర్లు పరిచి, జిప్ వేసి, పైపుతో పావుగంట అన్ని వైపుల నుంచీ పట్టండి. తర్వాత లోపలికి వెళ్తే ఎక్కడ కారిందో పేపరే చూపిస్తుంది. కుట్లు ఉన్నచోటే కారుతుంది ఎక్కువగా. లోపలి వైపు కుట్ల మీద టేప్ అతికించి ఉండాలి, ఎక్కడైనా లేచిపోయిందంటే అక్కడ సీమ్ సీలర్ పూసుకోవచ్చు.

ఆ రాత్రే అందులో పడుకోండి. హైదరాబాద్‌లో డిసెంబర్ తెల్లవారుజామున 12, 13 డిగ్రీలకి దిగే రోజులుంటాయి. కంఫర్ట్ 5 అన్న బ్యాగులో ఆ చలికే వణుకు పుట్టిందంటే మ్యాట్ చాలలేదు, లేదా అంకె అబద్ధం. కాంక్రీటు స్లాబ్ రాత్రి బాగా చల్లబడుతుంది కాబట్టి మ్యాట్‌కి మంచి పరీక్షే.

పొద్దున్న లేచేసరికి లోపల గోడలంతా తడిగా ఉండొచ్చు. 'కారుతోంది' అని వెంటనే ఒక స్టార్ రివ్యూ పెట్టేయకండి. రాత్రంతా మనం వదిలిన ఊపిరిలోని తేమే చల్లటి గుడ్డకి తగిలి నీళ్లవుతుంది. కారితే ఒకచోట, కుట్టు దగ్గర తడి ఉంటుంది. ఊపిరి తేమైతే గుడ్డంతా సమానంగా పడుతుంది. చలి అని కిటికీలు బిగించేస్తే ఇది ఇంకా ఎక్కువవుతుంది. పొగమంచు పట్టే లంబసింగి, వనజంగి లాంటి చోట్ల మరీను. పైన గాలి రంధ్రాలు తెరిచే ఉంచండి.

ఆ రంధ్రాలతో ఇంకో పని కూడా ఉంది, కానీ దాని మీద భరోసా పెట్టుకోకండి. చలికి తట్టుకోలేక చికెన్ కాల్చిన బొగ్గులు కుంపట్లో వేసుకుని టెంట్‌లోకి తెచ్చుకునేవాళ్లున్నారు. వాన పడుతోందని లోపలే స్టవ్ వెలిగించేవాళ్లూ ఉన్నారు. బొగ్గు ఎర్రగా కణకణలాడుతున్నా, పొగ రాకపోయినా, కార్బన్ మోనాక్సైడ్ వస్తూనే ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మేలుకుని ఉంటే తలనొప్పి, వికారం, మగత వస్తాయి. నిద్రలో ఉంటే అవీ తెలియవు, అలాగే ప్రాణం పోతుంది. కిటికీ తెరిచాం కదా అన్నది ఇక్కడ చెల్లదు. నిప్పు ఏదైనా సరే టెంట్ బయటే. మీ గ్రూపులో ఎవరైనా "ఏం కాదులే మామా" అంటే వాడితో గొడవ పెట్టుకోండి, ఫర్లేదు. చలికి ఇంకో మార్గం ఉంది. స్టీలు సీసాలో వేడినీళ్లు పోసి, మూత గట్టిగా బిగించి, సాక్సులో దూర్చి కాళ్ల దగ్గర పెట్టుకోండి.

స్టవ్ మాట వచ్చింది కాబట్టి గ్యాస్ గురించి రెండు ముక్కలు. మన దగ్గర చవగ్గా దొరికే పొడవాటి డబ్బాల్లో ఎక్కువగా ఉండేది బ్యూటేన్. అది మైనస్ 0.5 డిగ్రీల దగ్గర ఆవిరి అవడం ఆపేస్తుంది. లంబసింగిలో తెల్లారి టీ దాకా పనికొస్తుంది, మంచులో మొరాయిస్తుంది. చలి ప్రాంతాలకి ఐసోబ్యూటేన్, ప్రొపేన్ కలిపిన డబ్బా కావాలి. ఏదైనా విమానంలోకి గానీ రైల్లోకి గానీ రానివ్వరు, డెహ్రాడూన్‌లో దిగాక కొనుక్కోవాలి.

రక్‌శాక్‌కి పరీక్ష లిఫ్ట్ పక్కన మెట్లు. రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసాలు నాలుగు నీళ్లతో నింపి బట్టల మధ్య పెట్టండి, ఎనిమిది కిలోలు అవుతుంది. నడుం పట్టీని తుంటి ఎముక మీద బిగించి ఐదంతస్తులు నాలుగుసార్లు ఎక్కి దిగండి. బరువు భుజాల మీదే గుంజుతోందంటే ఆ బ్యాగ్ మీ వీపు పొడవుకి సరిపోలేదు. లీటర్లు చూసి కొంటారు అందరూ, వీపు పొడవు ఎవరూ అడగరు. షాపులోనే బరువు పెట్టించి వేసుకుని నడవండి.

మొదటి ట్రిప్ అయితే టెంట్ అద్దెకి తీసుకోండి. లంబసింగిలో వేసి ఉన్నవే దొరుకుతాయి, కేదార్‌కంఠకి బయల్దేరే సాంక్రీలో జాకెట్ల నుంచి స్లీపింగ్ బ్యాగుల దాకా అద్దెకిస్తారు. ఏడాదికి ఒక్క రాత్రి కోసం మొదటి జీతంలో సగం పెట్టి కొన్న టెంట్ అటక మీద బూజు పడుతుంది. సొంతానికి కొనాల్సినవి మ్యాట్, హెడ్‌ల్యాంప్, బూట్లు. బూట్లు మాత్రం అద్దెకి వద్దు, ఆన్‌లైన్‌లో వద్దు, వెళ్లే ముందు రోజు అసలే వద్దు. ఎందుకో చెప్పాలంటే ఇంకో కాలమ్ కావాలి, వచ్చే వారం చూద్దాం. ఈలోపు డాబా మీద తడిపిన టెంట్‌ని పూర్తిగా ఆరబెట్టాకే మడతపెట్టండి.