టైల్ పగిలితే తప్పు ఎవరిది?

కొత్తగా పరిచిన టైల్స్ మీద పగుళ్లు తేలితే దుకాణదారుడు మేస్త్రీని చూపిస్తాడు, మేస్త్రీ సరుకును చూపిస్తాడు. చాంద్రాయణగుట్టలో ఇల్లు కట్టుకున్నవారు ఈ ఇద్దరి మధ్య నలగనక్కర్లేదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద వస్తువులో లోపం మీదా, సేవలో లోపం మీదా ఫిర్యాదు చేయవచ్చు. ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చవచ్చు. తప్పు సరుకుదా, పనితనానిదా అన్నది పరీక్షిస్తే తప్ప తేలదనుకుంటే, నమూనాను ల్యాబ్‌కు పంపించే అధికారం జిల్లా వినియోగదారుల కమిషన్‌కు ఉంది. అందుకే మిగిలిపోయిన టైల్స్‌నూ, బ్యాచ్ నంబరున్న డబ్బానూ పారేయకూడదు.

పరిచాక ఫిర్యాదులు చెల్లవని ముందే చెప్పాం కదా అంటారు వ్యాపారులు. రంగు తేడా, వంకర లాంటి కంటికి కనిపించే లోపాల వరకు ఆ మాటలో న్యాయముంది. నెలల తర్వాత బయటపడే లోపానికి అది కవచం కాకూడదు. కమిషన్ చుట్టూ తిరగాలన్న భయమూ ఉత్తదేం కాదు. ల్యాబ్ పరీక్ష అవసరమైన కేసును 5 నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టంలో ఉన్నా వాయిదాలు ఆగవు. అయినా చెల్లించిన సొమ్ము 5 లక్షలు దాటకపోతే ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు, గడువు రెండేళ్లు. ముందు రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి, 1915 హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయించాలి. అసలు చిక్కు బిల్లు దగ్గర. పన్ను మిగులుతుందని చిట్టీ మీద కొన్నవారికి, తాము ఆ దుకాణంలోనే కొన్నామని నిరూపించుకోవడమే మొదటి గండం.