చావుకి వచ్చే ఊరు మంచం దగ్గరికి ఎందుకు రాదు?



గూళ్ళ రేటు గురించి, ఊజి ఈగ గురించి రాసేవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. నేను ఈసారి ఇంట్లో మంచం పట్టిన పెద్దవాళ్ళ గురించి రాస్తున్నాను. ఇది రేష్మె సంగతి కాదు కదా అనుకోవద్దండి. పురుగులు మేపే ఇంట్లో ముసలివాళ్ళను చూసుకోవడం, జీతానికి పోయే ఇంట్లో చూసుకోవడం ఒకటి కాదు.

మా చింతామణి పక్క పల్లెల్లో ఒక మంచి అలవాటు ఉంది. మీ ఊళ్ళల్లో కూడా ఉండే ఉంటుంది. పురుగులు నాలుగో జ్వరం లేచి పెద్ద మేతలో ఉండగా ఆ ఇంట్లో చావు జరిగిందనుకోండి. ఇంటివాళ్ళు సూతకంలో ఉంటారు, ఏడుపుల్లో ఉంటారు, షెడ్డు దిక్కు చూసేవాళ్ళు ఉండరు. అప్పుడు ఎవరూ పిలవకుండానే నలుగురు వస్తారు. ఒకరు తోటలో కొమ్మలు కోస్తారు, ఇంకొకరు మేత వేస్తారు, పండిన పురుగులను చంద్రికలకు ఎక్కించేది కూడా వాళ్ళే చేస్తారు. గూళ్ళు విప్పి మార్కెట్‌కి తీసుకుపోయి, దుడ్డు తెచ్చి ఇంటివాళ్ళ చేతిలో పెడతారు. కూలి అడగరు. నేను కళ్ళారా చూసిందే మూడు నాలుగు ఇళ్ళు ఉన్నాయి.

అయితే ఆ చనిపోయిన మనిషి అంతకుముందు ఏడాదో, రెండేళ్ళో మంచం మీద ఉన్నాడు కదా! అప్పుడు ఈ నలుగురు ఏమయ్యారు? పలకరించడానికి వచ్చారు, అరటిపండ్లు తెచ్చారు, పది నిమిషాలు కూర్చుని "పాపం, ఎట్లా ఉన్న మనిషి ఎట్లా అయిపోయె" అని పోయారు. ఆ ఇంటి కోడలు మధ్యాహ్నం రెండు గంటల మేతకి షెడ్డుకి పోతే, ఆ ముసలాయన దగ్గర ఒక గంట కూర్చుంటామని అడిగినవాళ్ళు లేరు. చచ్చిన తరువాత ఇచ్చే సాయంలో సగం బతికుండగా ఇస్తే ఎంతో బాగుంటుందని నేను అంటాను.

మా ఇంట్లో అత్తకి పక్షవాతం వచ్చి ఇది మూడో ఏడు. కుడి చెయ్యి, కుడి కాలు పనిచేయవు. మాట కొంచెం వస్తుంది. రెండు గంటలకి ఒకసారి పక్క మార్చాల, లేకపోతే వీపు కింద, మడమల దగ్గర పుండ్లు పడతాయి. అన్నం పెట్టేటప్పుడు కూర్చోబెట్టి మెల్లగా పెట్టాల, తిన్నాక అరగంట దాకా పడుకోబెట్టకూడదు, పొరపోతే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఈ లెక్కంతా పెద్ద మేత వారంలో ఎట్లా నిలుస్తుందో చెప్పండి. తెల్లారి ఆరుకి ఒక మేత, మధ్యాహ్నం రెండుకి, రాత్రి పదికి. మధ్యలో కొమ్మలు కోసుకురావడం, పడక చిమ్మడం, సున్నం చల్లడం. పురుగు జీవితమంతా తినే ఆకులో ముక్కాలు భాగం కంటే ఎక్కువ ఆ ఒక్క వారంలోనే తింటుంది. ఆ వారంలో మనిషి మనిషిగా ఉండదు.

మన ముందు తరంలో ఇంత కష్టం ఎందుకు లేదు అని నేను చాలా ఆలోచించినాను. కోడళ్ళు అప్పుడు మంచివాళ్ళు, ఇప్పుడు చెడ్డవాళ్ళు అయినారు అనే మాట నేను ఒప్పుకోను. మారింది షెడ్డు. అప్పుడు పురుగులు ఇంట్లోనే ఉండేవి. నట్టింట్లో తట్టలు, ఆ తట్టల పక్కనే అవ్వ చాప. అవ్వ కూర్చున్న చోటే ఆకు తరిగేది, జ్వరంలో ఉన్న పురుగులను చూసి "ఇంకా లేవలేదు, మేత వెయ్యొద్దు" అని చెప్పేది. పురుగులకి పడదని దోమల చుట్ట కూడా ముట్టించకుండా ఆ ముసలి ప్రాణం దోమల్లోనే పడుకునేది, అది వేరే సంగతి. కానీ ఒంటరిగా మాత్రం ఉండలేదు. మేత వేసేవాళ్ళ కళ్ళు ఒకసారి పురుగుల మీద, ఒకసారి అవ్వ మీద పడుతూనే ఉండేవి.

కొమ్మ మేత వచ్చింది, స్టాండ్లు వచ్చినాయి, సబ్సిడీ ఇచ్చి తోట దగ్గరే వేరే షెడ్డు కట్టించినారు. మంచిదే. రోగాలు తగ్గినాయి, బైవోల్టిన్ పంట నిలబడింది, ఇంట్లో మనం కాళ్ళు చాపుకొని పడుకుంటున్నాం. కానీ పురుగులతో పాటు మనుషులు కూడా షెడ్డుకే పోయినారు. ముసలివాళ్ళు ఇంట్లోనే మిగిలిపోయినారు. పిల్లలు బెంగళూరులో, హోసూరులో పనికి ఉన్నారు. నీళ్ళు అడగాలంటే ఎవరిని అడగాల? ఈ సంగతి షెడ్డు ప్లాను గీసిన ఏ అధికారీ ఆలోచించలేదు, మనమూ అడగలేదు. కొత్తగా షెడ్డు కట్టేవాళ్ళకి నేను చెప్పేది ఒక్కటే. తలుపు పక్కన, పురుగుల గదికి సంబంధం లేకుండా, ఒక మంచం పట్టే వరండా కట్టించండి. గోడకి రెండు వరసల ఇటుకలు ఎక్కువ పడతాయి, అంతే.

ఇంకో మాట. చూసుకునే పని అంటే కోడలి పని అని మన ఇళ్ళల్లో రాసిపెట్టినట్టు ఉంది. "మా వాళ్ళల్లో తల్లిదండ్రులను వృద్ధాశ్రమంలో వేసే అలవాటు లేదు" అని మగవాళ్ళు పెళ్ళిళ్ళలో గొప్పగా చెప్తారు. చెప్పేది కొడుకు, మలం ఎత్తేది కోడలు. పక్క మార్చేదానికి బలం కావాల, ఆ బలం మగవాళ్ళ దగ్గరే కదా ఎక్కువ ఉండేది? మా ఇంటాయన రాత్రి పది గంటల మేత అయ్యాక స్నానం చేసి వచ్చి అమ్మకి పక్క మార్చి, కాళ్ళు చేతులు కదిలించి వ్యాయామం చేయిస్తాడు. దాని వల్ల ఆయన మగతనం ఏమీ తగ్గలేదు!

ఇక మేము చేస్తున్నది చెప్తాను, మీకు పనికొస్తే చేసుకోండి. మా వీధిలో నాలుగు ఇళ్ళు కలిసినాం. నాలుగింట్లోనూ పురుగులు ఉన్నాయి, మూడింట్లో మంచం మీద పెద్దవాళ్ళు ఉన్నారు. చాకి పురుగులు తెచ్చుకునే తేదీలు ఒకరికొకరికి ఎనిమిది తొమ్మిది రోజుల తేడా వచ్చేటట్టు పెట్టుకున్నాం. అప్పుడు ఇద్దరికి పెద్ద మేత ఒకే వారంలో పడదు. నా పెద్ద మేత వారంలో మధ్యాహ్నం ఒకటిన్నర నుంచి మూడున్నర దాకా పక్కింటి వదిన వచ్చి అత్త దగ్గర కూర్చుంటుంది. వాళ్ళ వారం వచ్చినప్పుడు నేను పోతాను. చిన్న పని మాదిరి కనిపిస్తుంది గానీ, ఆ రెండు గంటలు నాకు ఎంత ధైర్యమో చెప్పలేను. ఒక కట్టుబాటు మాత్రం గట్టిగా పెట్టుకున్నాం. సాయానికి పోయేది ఇంటికి, షెడ్డుకి కాదు. ఒకరి షెడ్డులో రోగం ఉంటే అది కాళ్ళతో, చేతులతో ఇంకో షెడ్డుకి పోతుందని మనందరికీ తెలుసు. తిరిగి వచ్చినాక సబ్బుతో చేతులు కడుక్కుని, చీర మార్చి, బ్లీచింగ్ నీళ్ళలో కాళ్ళు ముంచి గానీ మన షెడ్డులోకి పోము. నొప్పి బాములు, ఫినాయిలు ముట్టిన చేతులతో ఆకు పట్టము.

సర్కారు నుంచి ఏమీ లేదు అనుకోవద్దు, అడగనిదే రాదు అంతే. కోలార్ జిల్లాలో 2024లో గృహ ఆరోగ్య అనే పథకం మొదలుపెట్టినారు, ఆరోగ్య సిబ్బంది ఇంటికే వచ్చి బీపీ, షుగరు చూస్తారు. ఆశా కార్యకర్తను పట్టుకుని మన ఇంటి పేరు రాయించాల. తమిళనాడులో ఉన్న మనవాళ్ళకి ఇంకా మంచి ఏర్పాటు ఉంది. 2021 ఆగస్టు 5న మక్కళై తేడి మరుత్తువం పథకాన్ని మొదలుపెట్టింది మన కృష్ణగిరి జిల్లాలోనే. బీపీ, షుగరు మాత్రలు ఇంటికి తెచ్చిస్తారు, మంచం మీద ఉన్నవాళ్ళకి వ్యాయామం చేయిస్తారు, నొప్పి తగ్గించే సేవ కూడా అందులో ఉంది. హోసూరు, డెంకణికోట దిక్కు ఉన్నవాళ్ళు మీ ఆరోగ్య కేంద్రంలో నిలబడి అడగండి. కేరళలో అయితే 1993లో కోళిక్కోడ్‌లో కొందరు మొదలుపెట్టిన పని ఊరూరికీ పాకి, ఇప్పుడు పంచాయతీలే నర్సును ఇంటికి పంపుతున్నాయి. అక్కడ ఊరివాళ్ళే వాలంటీర్లు. మన నలుగురు చావు ఇంటికి వచ్చే అలవాటు ఉంది కదా, దాన్నే వాళ్ళు కొంచెం ముందుకు జరిపినారు.

క్యాన్సరు ముదిరిపోయి ఇక మందు లేదని పంపించేసినవాళ్ళకి బెంగళూరులో కరుణాశ్రయ ఉంది, దుడ్డు తీసుకోరు. నొప్పికి మందు లేదు అనే మాట మాత్రం ఎవరు చెప్పినా నమ్మకండి. రోగానికి మందు లేకపోవచ్చు, నొప్పికి ఉంది. దేశంలో ఎక్కడ ఉన్నా, మహారాష్ట్రలో గానీ ఒడిశాలో గానీ, 14567 నంబరుకి ఫోను చేస్తే పెద్దవాళ్ళ పింఛను, న్యాయం సంగతులు ఉచితంగా చెప్తారు. కర్ణాటకలో 65 ఏళ్ళు దాటిన పేదవాళ్ళకి సంధ్యా సురక్ష నెలకి 1200 వస్తుంది, నాడకచేరిలో అర్జీ ఇవ్వాల.

ఇప్పుడు కష్టమైన మాట. మాట్లాడే శక్తి ఉన్నప్పుడే పెద్దవాళ్ళను అడగాల. ఏమని? ఆఖరికి ఎక్కడ ఉండాలనుంది, ఇంట్లోనా ఆసుపత్రిలోనా అని. మిషను మీద పెట్టమంటావా వద్దంటావా అని. "అట్లాంటి అపశకునం మాటలు మాట్లాడొద్దు" అని మా ఆడపడుచు నా మీద కోప్పడింది. కానీ మా చిన్నాయన సంగతి ఆమెకీ తెలుసు. పట్నంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఐసీయూలో పదకొండు రోజులు పెట్టినారు. బాగుపడతాడా అంటే ఒక్కరూ నోరు తెరిచి చెప్పలేదు. రోజూ బిల్లు మాత్రం వచ్చేది. రెండు బ్యాచ్‌ల గూళ్ళ దుడ్డు పోయింది, తోట మీద అప్పు అయింది. ఆయన మాత్రం మాకెవరికీ ముఖం కూడా చూపించకుండా గాజు తలుపు అవతల పోయినాడు. ఆయన్ని ముందే అడిగి ఉంటే ఏం చెప్పేవాడో మాకందరికీ తెలుసు, తోటలో చింతచెట్టు కింద మంచం వెయ్యమనేవాడు. కానీ కాగితం లేదు, కాబట్టి సంతకం పెట్టే ధైర్యం కొడుకులకి రాలేదు.

ఆ కాగితానికి ఇప్పుడు దారి ఉంది. సుప్రీంకోర్టు 2018 మార్చిలో ఇది మనిషి హక్కు అని తీర్పు ఇచ్చింది, 2023 జనవరిలో పద్ధతిని సులభం చేసింది. తెలివి బాగున్న పెద్ద మనిషి ఎవరైనా ఇద్దరు సాక్షుల ముందు రాసి, నోటరీ ముందు గానీ గెజిటెడ్ అధికారి ముందు గానీ సంతకం పెడితే చాలు. ఇక బాగుపడే ఆశ లేదని డాక్టర్లు తేల్చినప్పుడు ఏ వైద్యం వద్దో, అప్పుడు తన తరఫున మాట్లాడేది ఎవరో అందులో రాయాల. ఆ రోజు డాక్టర్ల బోర్డులు రెండు చూసి ఒప్పుకుంటేనే మిషను తీస్తారు, కొడుకు ఒక్కడే తీసెయ్యమంటే తియ్యరు. కర్ణాటక సర్కారు 2025 జనవరిలో దీని గురించి ఆసుపత్రులకి ఆదేశం కూడా ఇచ్చింది. ఇది చంపమని రాసే కాగితం కాదు. నొప్పి మందు, నీళ్ళు, నోరు తడపడం, శుభ్రం చెయ్యడం, అవన్నీ ఆఖరి దాకా జరుగుతాయి.

భూమి సంగతి కూడా ఇందులోదే. చాలామంది పెద్దవాళ్ళు భయపడి ఉన్నదంతా బతికుండగానే కొడుకు పేరుకి దానపత్రం రాసిస్తారు. రాసివ్వండి, కానీ "నన్ను బతికినంతకాలం చూసుకోవాలి" అనే షరతు పత్రంలోనే రాయించండి. 2007లో వచ్చిన తల్లిదండ్రుల పోషణ చట్టం ప్రకారం, ఆ షరతు ఉండి కూడా చూసుకోకపోతే పత్రం రద్దు చెయ్యమని ఏసీ దగ్గర ట్రిబ్యునల్‌లో అడగొచ్చు. షరతు లేకుండా రాసిచ్చి తరువాత తిరిగేవాళ్ళ కష్టం నేను తాలూకా ఆఫీసు వరండాలో చూసినాను. వీలునామా అయితే ఇద్దరు సాక్షులు చాలు, రిజిస్టరు చేయించడం తప్పనిసరి కాదు, చేయిస్తే గొడవ తక్కువ. తాత పేరు మీదే పహణి ఉండి, పౌతి ఖాతా చేయించుకోక, డ్రిప్ సబ్సిడీకీ షెడ్డు సబ్సిడీకీ తిరిగి తిరిగి వచ్చిన ఇళ్ళు మనలో ఎన్ని లేవు?

మా అత్తని అడిగినాం. ఎడమ చేత్తో వేలిముద్ర వేసి రాయించింది. ఆసుపత్రి వద్దు, ఇంట్లోనే ఉండాలని చెప్పింది. ఇంకోటి కూడా చెప్పింది, అది కాగితంలో రాయలేదు గానీ మాకు గుర్తుంది: బ్యాచ్ నడుస్తుండగా పోతే పురుగులను పారెయ్యొద్దండి, మేత ఆపొద్దండి అని.

వచ్చే సోమవారం పక్కింటి వదినకి చాకి పురుగులు వస్తాయి. ఆ తరువాత తొమ్మిది రోజులకి మావి. తేదీలు నాలుగిళ్ళ క్యాలెండర్ల మీదా రాసుకున్నాం. మీ ఊళ్ళో ఇట్లాంటిది చేస్తున్నవాళ్ళు ఉంటే, ఎన్ని ఇళ్ళు, తేదీలు ఎట్లా సర్దుకున్నారో ఈ గుంపులో రాయండి. ఐదో ఇల్లు కలుస్తామని అడుగుతున్నారు, మాకు లెక్క కుదరడం లేదు.